నాలుగు తెల్ల అక్షరాలు

మా నాన్న మలకీ హెనెబ్రీ రంగులేసేవాడు.
బొమ్మలకి కాదు, ఓడలకి.
నలభై ఒకటో సంవత్సరం చలికాలం, డబ్లిన్ రేవులో
తాళ్ళకి కట్టిన చెక్కబల్ల మీద వేలాడుతూ
ఒక ముసలి ఓడ పొట్ట మీద
మా దేశం పేరు రాశాడు.
నాలుగే అక్షరాలు.
ఒక్కోటీ ఇద్దరు మనుషులెత్తు.

అంతకుముందు ఆ ఓడ ఎవరిదో ఎవరికీ గుర్తులేదు.
ఏ రేవులోనో తుప్పు తింటూ పడివుంటే
సర్కారు మనిషొకడు టోపీ చేత్తో పట్టుకుని వెళ్ళి
అడిగినంతా ఇచ్చి తెచ్చాడట.
చుట్టూ నీళ్ళే, అయినా సొంత ఓడల్లేని ద్వీపం మరి!
తరాల తరబడి పక్కింటివాళ్ళ ఓడల్లోనే
మా గోధుమలొచ్చేవి, మా ఎడ్లు పోయేవి.
యుద్ధమొచ్చాక పక్కింటివాళ్ళు
మా ఓడలు మాకే చాలవన్నారు.
తప్పేముంది?
గొడుగు అరువిచ్చినవాడు
వాన పడ్డప్పుడే కదా తిరిగి అడిగేది.

అట్లా ఆకలికి జడిసి
సర్కారు ఓడల వ్యాపారి అయింది.
సిద్ధాంతం కాదు, రొట్టె.
అదీ నల్లగా, ఊక ఊకగా ఉండేదని అమ్మ చెప్పేది.
పాత పట్టు మేజోడులో పిండి పోసి జల్లించేది,
చట్టానికి తెలియకుండా,
తలుపు గడియ పెట్టుకుని.

తక్కిన ఓడలన్నీ దీపాలార్పేసి
పిల్లుల్లా నడిచే సముద్రం మీద
మావి మాత్రం పెళ్ళివారి ఇల్లులా వెలుగుతూ పోయేవి,
నాన్న రాసింది కనబడాలని.
చదువురాని టార్పెడోలు కొన్ని ఉండేవి.
సిల్వెస్టర్ కియో వాళ్ళన్నయ్యకి
అలాంటిదే ఎదురయింది.

మిగిలినవి తిరిగొచ్చేవి, గోధుమతో.
ఊరంతా గోధుమ చూస్తే నాన్న అక్షరాలు చూసుకునేవాడు:
ఉప్పు ఎక్కడ కొరికిందో,
మళ్ళీ ఎక్కడ తెలుపు పుయ్యాలో.

నేనూ ఆ కంపెనీలోనే వంటవాణ్ణయ్యాను.
"సర్కారు ఓడ మునగదురా," అన్నాడు నాన్న.
"పింఛను కూడాను."

ఎనభై నాలుగు, నవంబరు, మార్సే రేవు.
రేడియో గదిలోంచి ఔన్ రోష్ టెలెక్స్ కాగితం తెచ్చాడు.
ఉల్లిపాయలు తరుగుతున్నాను,
అందుకని కన్నీళ్ళు దేనివో తేలలేదు.
పైనెవరో అద్దె ఓడలకి
ఏళ్ళకేళ్ళు సంతకాలు చేశారట, ఆకాశమంత అద్దెకి.
సభలో మంత్రిగారు లెక్క చదివారు.
కంపెనీ లేదు.
లెక్క తప్పని నేననలేను, ఉప్పు కొలిచేవాణ్ణి.
ఎక్కడో కొండవాలులో గొర్రెలు కాసే మనిషి
ఎన్నాళ్ళని మోస్తాడు మా ఓడని?
ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఏరు దాటాక తెప్ప తగలేసే కథ
అందరూ విన్నదే.
మేమింకా తెప్ప మీదే ఉన్నాం.

దిగితే జీతం పోతుందని దిగలేదు.
కోర్టువాళ్ళొచ్చి చుక్కాని గది అద్దానికి
కాగితం అతికించి వెళ్ళారు.
క్రిస్మస్ వెళ్ళింది. పేకముక్కల్లో ఇస్పేటు రాణి చిరిగింది.
బంగాళదుంపలు ఎన్ని రకాలుగా వండొచ్చో
ఆ చలికాలమే నాకు తెలిసింది.
రేవు కూలీ టూసాన్ లూచియానీ
తెల్లారగానే సైకిల్ మీద రొట్టెలు తెచ్చేవాడు,
మల్లెపువ్వంత తెల్లవి.
డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు.
ఏ సర్కారూ అతన్ని పంపలేదు.

వసంతంలో ఓడ అమ్ముడైంది.
కొత్త యజమాని మనుషులు డబ్బాలూ కుంచెలూ తెచ్చి
వెనకవైపు డబ్లిన్ అన్న పేరు మీద నల్లరంగు పూశారు.
నిచ్చెన దిగి, గట్టు మీది ఫోన్లో నాన్నకి చెప్పాను.

చాలాసేపు అవతల ఊపిరే వినిపించింది.
నాణేలు అయిపోవస్తున్నాయి.

"ఎన్ని పూతలేశారు?" అన్నాడు.
"ఒకటే."
"అడుగు గీకారా?"
"లేదు."
"అయితే నిలవదు," అన్నాడు,
పనివాడి గొంతుతో.
"రెండు వానలకి
తెలుపు పైకొస్తుంది."